అప్పు లేని తీసివేత

తీసివేత లెక్కలో పిల్లలు ఎక్కువగా తప్పేది తీసే దగ్గర కాదు, లెక్కను కాగితం మీద పేర్చే దగ్గర. చిన్న తరగతులకు చెప్పే ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ దిద్దేటప్పుడు కంటికి ముందు కనపడేది జవాబు. తప్పయితే ఇంటూ, ఒప్పయితే టిక్కు. లెక్క ఎలా పేర్చారో చూసే తీరిక, ముందు నలభై నోటుపుస్తకాలు పెట్టుకున్న టీచరుకు ఎక్కడిది? నాకు ఆ తీరిక ఉంది. నా దగ్గరికి వచ్చేది పదకొండు మందే. అందుకే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

మాది సీతంపేట ఏజెన్సీ. సవరలం. ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాను, డీఎడ్ చేశాను, డీఎస్సీ కోసం చూస్తూ ఉండగానే పెళ్లయింది. మా ఆయన అపార్ట్‌మెంట్లలో కరెంటు పనులు చేస్తారు. ఆయన పని ఎక్కడుంటే అక్కడికి కదా, అలా ప్రగతి నగర్ వచ్చాం. తెలియనివాళ్లకు చెప్పాలంటే, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ నుంచి బాచుపల్లి వైపు వెళ్లే దారిలో, చెరువు చుట్టూ పెరిగిన ఊరు. పొద్దున్నే ఇక్కడి కార్లూ బైకులూ హైటెక్ సిటీ వైపు బారులు తీరతాయి. అవి వెళ్లిపోయాక అపార్ట్‌మెంట్లలో మిగిలేది ముసలివాళ్లు, పనివాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు. ఆ వాచ్‌మన్లలో మన ఉత్తరాంధ్ర వాళ్లు చాలామంది. కొత్తగా లేస్తున్న బిల్డింగుల దగ్గర దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడీలు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. నేను పగలు ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటరు మీద కూర్చుంటాను. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మా సెల్లారులో, రెండు కార్ల మధ్య ఖాళీలో, ఈ పిల్లలతో. సున్నం వేసిన పిల్లరే మా బోర్డు. సుద్ద మాత్రం నేనే కొంటాను.

ఒకరోజు బడి పుస్తకంలో ఉండే తరహా లెక్కే ఒకటి ఇచ్చాను. 305 లోంచి 27 తీసేయాలి. ఇక్కడి సర్కారు బళ్లలో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిషులో ఉండే పుస్తకాలు ఇస్తున్నారు కాబట్టి నేనూ పిల్లరు మీద రెండు రకాలుగా రాశాను. ఇద్దరు ఒకే జవాబు తెచ్చారు, 322. ఒకరు మూడో తరగతి పాప, మా వైపు నుంచే వచ్చిన సవర వాచ్‌మన్ కూతురు. ఇంకొకరు నాలుగో తరగతి లంబాడి బాబు. ఒకరిది చూసి ఒకరు రాశారని ఎవరమైనా అనుకుంటాం. నోటుపుస్తకాలు పక్కపక్కన పెడితే వేరే సంగతి బయటపడింది.

పాప 305 పైన రాసింది, 27 కింద రాసింది. ఐదు కింద ఏడు, సున్నా కింద రెండు. పేర్చడం సరిగ్గానే పేర్చింది. ఆ తర్వాత ఐదులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి ఐదు తీసి రెండు వేసింది. సున్నాలోంచి రెండు పోదు కాబట్టి రెండులోంచి సున్నా తీసి మళ్లీ రెండు వేసింది. మూడును అలాగే దించింది. బాబు ఇంగ్లిషు వాక్యం చూసి చేశాడు. అందులో ముందు 27 వస్తుంది, 'ఫ్రమ్' తర్వాత 305 వస్తుంది. కంటికి ముందు పడ్డది ముందు రాశాడు, అంటే 27 పైన, 305 కింద. ఏడులోంచి ఐదు రెండు, రెండులోంచి సున్నా రెండు, మిగిలిన మూడు కిందికి. అతనిదీ 322. జవాబు ఒకటే, దారులు రెండు. ఇద్దరికీ ఒకే ఇంటూ పెట్టి 278 అని పక్కన రాసి పంపిస్తే ఇద్దరిలో ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. పాపకు కావాల్సింది పదిని విప్పడం. బాబుకు కావాల్సింది వాక్యాన్ని చదవడం.

మూడో రకం కూడా ఉంది. మరో పిల్లవాడు 27ను ఎడమ అంచుకి తోసేశాడు. మూడు కింద రెండు, సున్నా కింద ఏడు. రాత ఎడమ నుంచి మొదలవుతుంది, నోటుపుస్తకంలో మార్జిన్ గీత ఎడమన ఉంటుంది, తెలుగైనా ఇంగ్లిషైనా ప్రతి పంక్తీ అక్కడ నుంచే మొదలుపెట్టమని ఒకటో తరగతి నుంచీ చెబుతాం. అంకెలను మాత్రం కుడి అంచుకి ఆనించి రాయాలని పిల్లవాడికి ఎలా తోస్తుంది? అలా పేరిస్తే అతను తీస్తున్నది 27 కాదు, 270.

మాట వరసలో తేడా గురించి కాస్త ఆగి చెప్పాలి. తెలుగులో 'పన్నెండు నుంచి ఐదు తీసేయి' అంటాం. పెద్ద సంఖ్య ముందు వినపడుతుంది, పైన రాసుకుంటాం, తర్వాత వినపడ్డది కింద రాసుకుంటాం. లంబాడీల గోర్ బోలిలోనూ ఇదే వరస అని ఆ బాబు వాళ్ల అమ్మతో అనిపించి చూశాను. ఇంగ్లిషులో తిరగబడుతుంది. మన పిల్లలకు తీసివేత రాక కాదు, వాక్యం తిరగబడిందని ఎవరూ చెప్పక. ఇంగ్లిషు మీడియంలో లెక్కలు చెప్పే తోటి ఉపాధ్యాయులు ఈ ఒక్క మాటకు ఒక పీరియడు కేటాయిస్తే చాలు, సగం ఇంటూలు తగ్గుతాయని నా నమ్మకం. నేను చేసేది చాలా మామూలు పని. 'ఫ్రమ్' అనే మాట చుట్టూ సున్నా చుట్టమంటాను. దాని తర్వాత ఏ సంఖ్య ఉందో అది ఇంటి పైకప్పు. ముందు పైకప్పు వేసి, తర్వాత కింద ఉన్నది రాయాలి. ఇల్లు కట్టేవాళ్ల పిల్లలు కదా, 'పైకప్పు ముందు ఎట్ల ఏస్తరక్కా?' అని నవ్వారు. నవ్వారు కాబట్టి మరిచిపోలేదు.

ఇంకో అలవాటు పెట్టాను. వారంలో రెండు రోజులు లెక్కలు పేర్చడమే, చేయడం లేదు. పది వాక్యాలు చదువుతాను. గళ్ల పుస్తకంలో పైన వం, ప, ఒ అని రాసుకుని, కుడి నుంచి ఒక్కో గడిలో ఒక్కో అంకె పెట్టి, కింద గీత కొట్టి, తీసివేత గుర్తు వేసి ఆపేయాలి. జవాబు వేస్తే ఆ లెక్కకు మార్కు లేదు. మొదట్లో పిల్లలకు ఇది ఒప్పుకోబుద్ధి కాలేదు. జవాబు వేయకపోతే లెక్క ఎలా అవుతుంది? కానీ జవాబు భయం పోయాక వాళ్ల చెయ్యి నెమ్మదించింది. అంకె ఎక్కడ కూర్చోవాలో చూసుకుంటూ రాశారు. పల్లెల్లో పిల్లల చదువు కొలిచే అసర్ సర్వేలో తీసివేత లెక్కలు ముందే నిలువుగా పేర్చి ఇస్తారు. అక్కడ పిల్లవాడు చేయాల్సింది తీయడమే. అది వాళ్ల అవసరానికి సరిపోవచ్చు. కానీ జీవితంలో లెక్క ఎప్పుడూ పేర్చిపెట్టి రాదు, మాటల్లోనే వస్తుంది.

అంకె ఎక్కడ కూర్చోవాలి అనే దానికి ఇక్కడి పిల్లలకు మంచి ఆసరా దొరికింది, ఫ్లాటు నంబర్లు. వాచ్‌మన్ పిల్లలు తెల్లారకుండానే పాల ప్యాకెట్లు వేస్తారు, ఇస్త్రీ బట్టలు ఇచ్చి వస్తారు. 305 అంటే మూడో అంతస్తు, ఐదో తలుపు. మధ్యలో సున్నా ఎందుకుంది, 35 అని రాస్తే పోదా అని అడిగాను. 'అలాగైతే మూడు ఏదో తెలీదు, ఐదు ఏదో తెలీదు, పాలు ఎక్కడ ఏస్తాం?' అంది పాప. సున్నా ఖాళీ కాదు, చోటు కాపలా కాస్తోందని అంతకంటే బాగా నేను చెప్పలేను. అయితే ఈ పోలిక అంతవరకే. ఫ్లాటు నంబర్లలో ఒకదాన్నుంచి ఒకటి తీయడం కుదరదు, పది తలుపులు కలిస్తే ఒక అంతస్తు అవ్వదు. అందుకే చోటు అర్థమయ్యాక నంబర్లు వదిలేసి పుల్లలకు వచ్చాం. కొబ్బరి చీపురు ఈనెలు విరిచి, పదేసి చొప్పున కట్టలు కట్టాం. రబ్బరు బ్యాండ్లకు కొదవ లేదు. ఇక్కడ సందుకో కర్రీ పాయింటు ఉంది, ప్రతి కూర ప్యాకెట్టుకీ ఒక రబ్బరు బ్యాండు వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పైనున్న అంకె చాలనప్పుడు ఏం చేయాలి? మనకందరికీ బడిలో నేర్పిన మాట ఒకటే. 'పక్క ఇంటి నుంచి అప్పు తెచ్చుకో.' ఈ మాట నాకు నచ్చదు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, అది లెక్కగా అబద్ధం. అప్పు అంటే తిరిగి ఇవ్వాలి. తీసివేతలో పదుల ఇంటి నుంచి తెచ్చింది ఎవరు ఎప్పుడు తిరిగి ఇచ్చారు? ఎవరూ ఇవ్వరు. పైగా తెచ్చేటప్పుడు ఒకటి తెచ్చామంటాం, ఇంటికొచ్చేసరికి అది పదై కూర్చుంటుంది. ఒకటి అప్పు తెస్తే పది ఎలా అయింది అని అడిగే పిల్ల తెలివైన పిల్ల. ఆ పిల్లకు మన దగ్గర జవాబు లేదు, 'అలాగే చెయ్యాలి' తప్ప. నిజానికి అక్కడ జరిగేది అప్పు కాదు, చిల్లర మార్చడం. పది రూపాయల నోటు ఇచ్చి పది రూపాయి బిళ్లలు తీసుకోవడం. డబ్బు తగ్గలేదు, పెరగలేదు, ఎవరికీ బాకీ పడలేదు. 52 లోంచి 27 తీయాలంటే ఐదు కట్టల్లో ఒక కట్ట రబ్బరు బ్యాండు తీసేయాలి. నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. మొత్తం ఇంకా 52. ఇప్పుడు పన్నెండులోంచి ఏడు, నాలుగులోంచి రెండు, 25. నా దగ్గర పిల్లలు 'అప్పు తెచ్చాను' అనరు. 'కట్ట విప్పాను' అంటారు.

రెండో కారణం లెక్కకు బయటిది. మన ఇళ్లలో అప్పు అనే మాట ఊరికే పలికే మాట కాదు. మా తాత కొండ దిగి చింతపండు, కొండ చీపుళ్లు, అనాసకాయలు మోసుకొచ్చి సంతలో దించేసరికి సాహుకారు పుస్తకం తెరిచి ఉండేదట. తెచ్చిన సరుకు ఖరీదు ఆ పుస్తకంలో ఎక్కడ తీసివేశారో, అసలు తీసివేశారో లేదో ఎవరికీ తెలిసేది కాదు. వడ్డీ మాత్రం ఏటా కూడేది. పుస్తకం చదవడం వచ్చినవాడు ఒక్కడే, వాడే సాహుకారు. కొండవాళ్ల భూమి దిగువవాళ్ల చేతుల్లోకి వెళ్లిన దారి ఆ పుస్తకంలోంచే వెళ్లింది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టినా, 1970లో 1/70 చట్టం తెచ్చినా దాని వెనక ఉన్నది ఈ లెక్కే. శ్రీకాకుళం ఏజెన్సీ గిరిజనులను సంఘంగా కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడి పంతుళ్లే. వాళ్ల తర్వాతి దారి గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. కొండల్లో అప్పు బాధ ముందు కళ్లపడింది పలకా బలపం పట్టించినవాళ్లకే అన్నది మాత్రం నాకు గుర్తుంటుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఏడేళ్ల పిల్లకు, నీ దగ్గర చాలకపోతే పక్కింట్లో అప్పు చెయ్యి అని మొదటి పాఠంగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

మన భాషల్లో లెక్క ఎలా నడుస్తుందో కూడా ఒకసారి చూడాలి. సవరలో పన్నెండు దాకా ఒకే పరుగు. అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొల్లొయ్, తుడ్రు, గుల్‌జి, తమ్‌జి, తింజి, గల్‌జి, గల్‌ముయ్, మిగ్గల్. ఊరికో యాసలో కొంచెం అటూ ఇటూ పలుకుతారు. పదమూడు అంటే మిగ్గల్‌బొయ్, పన్నెండూ ఒకటీ. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవైకి మళ్లీ కొత్త కట్ట, బొకుడి. అక్కడి నుంచి ఇరవైలే. ముప్ఫై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై తొమ్మిది అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒక ఏడు. ఈ లెక్కలో ముప్ఫై మూడులోంచి పదమూడు తీయడానికి ఏ కట్టా విప్పక్కర్లేదు. బొకుడి మిగ్గల్‌బొయ్‌లోంచి మిగ్గల్‌బొయ్ తీసేస్తే బొకుడి మిగులుతుంది. మాటే జవాబు చెబుతుంది. అదే పిల్ల బడికి వచ్చి పదుల కట్టలు చూస్తే, ఆమెకు లెక్క రాక తడబడటం కాదు, ఇంట్లో విన్న కట్ట పన్నెండుదీ ఇరవైదీ, బడిలో కట్ట పదిది. ఈ తేడా చెప్పడానికి ఒక్క రోజు చాలు. చెప్పకపోతే ఐదేళ్లు చాలవు.

మా భాష లెక్కలను, మాటలను ఓపికగా రాసిపెట్టినవాళ్లలో గిడుగు రామమూర్తి పంతులు గారు ముందుంటారు. తెలుగువాళ్లకు ఆయన వాడుక భాష కోసం పోరాడిన మనిషి. ఆగస్టు 29న దండ వేస్తారు. మాకు ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బళ్లు పెట్టిన మనిషి. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. ఆ మధ్యలోనే, 1936లో, మంగెయి గొమాంగొ సవరకు సొంత లిపి చేశారు, సొంత అంకెలతో సహా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, గోండి, కోయ, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పాఠాలు మొదలుపెట్టారు. ఆ పుస్తకాలు ఏజెన్సీ బళ్ల కోసం. ప్రగతి నగర్ సెల్లారు ఏ ఏజెన్సీలోనూ లేదు. ఇక్కడ సవర పిల్ల, లంబాడి పిల్లవాడు, ఒడియా పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. రెండును మా పాప బాగు అంటుంది, లంబాడి బాబు ది అంటాడు. హిందీ విని పెరిగిన పిల్లకు ఇరవై ఏడు సత్తాయీస్, ఏడు ముందు వినపడుతుంది, చెయ్యి 72 రాసేస్తుంది. ఒడియాలోనూ అంతే. టీచరు ఈ భాషలన్నీ నేర్చుకోనక్కర్లేదు. 'మీ ఇంట్లో ఇరవై ఏడును ఏమంటారు?' అని అడిగితే చాలు. ఎక్కడ తిరగబడుతోందో పిల్లలే చెప్పేస్తారు.

ఇక సంత లెక్క. మా అమ్మ బడి గడప తొక్కలేదు. కానీ ఐదు వందల నోటిచ్చి 268 రూపాయల సరుకు తీసుకుంటే తిరిగి ఎంత రావాలో ఆమెకు కాగితం అక్కర్లేదు. 268కి రెండు వేస్తే 270, ముప్ఫై వేస్తే మూడు వందలు, రెండు వందలు వేస్తే ఐదు వందలు. రెండు, ముప్ఫై, రెండు వందలు, 232. తీసివేయకుండానే తీసివేత. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో బజారులో అమ్ముకునే పిల్లల లెక్కల మీద 1985లో వచ్చిన ఒక పరిశోధన మన టీచర్లందరూ తెలుసుకోవాల్సింది. ఐదుగురు పిల్లలు, 9 నుంచి 15 ఏళ్ల వాళ్లు. కొబ్బరికాయలు అమ్మేచోట నోటితో అడిగితే నూటికి 98 ఒప్పు చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37. ఢిల్లీ, కోల్‌కతా బజారు పిల్లల మీద 2025లో వచ్చిన పరిశోధన కూడా దాదాపు ఇదే చెప్పింది. పైగా బడి పిల్లలకు బజారు లెక్క అంతే కష్టమని కూడా తేల్చింది. రెండింటి మధ్య వంతెన వేయాల్సింది మనమే.

అయితే ఆ బజారు లెక్క కూడా ఇక్కడి పిల్లలకు తగ్గిపోతోంది. నా కౌంటరు దగ్గర పది మందిలో ఎంతమంది నోట్లు ఇస్తారు? అందరూ ఫోను చూపిస్తారు, డబ్బా అరుస్తుంది, అయిపోతుంది. పిల్లను కొట్టుకు పంపినా చిల్లర తెచ్చే పని లేదు. మా తరానికి చిల్లర లెక్క చేతికి వచ్చింది, ఈ తరానికి అది మనం కూర్చోబెట్టి నేర్పాలి. స్టేషనరీ కొట్లో ఆట నోట్లు దొరుకుతాయి. వందలు, పదులు, ఒకట్లు మాత్రమే ఉంచి యాభైలు, ఇరవైలు, ఐదు వందలు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే స్థానాలు కలగాపులగం అవుతాయి. 500 లోంచి 268 తీయాలి, చేతిలో ఐదు వంద నోట్లే ఉన్నాయి. ఒక వంద మార్చి పది పదులు. అందులో ఒక పది మార్చి పది ఒకట్లు. ఇప్పుడు చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది ఒకట్లు. కాగితం మీద ఐదును కొట్టేసి నాలుగు, సున్నా మీద తొమ్మిది, చివరి సున్నా మీద పది ఎందుకు రాస్తామో అప్పుడు మంత్రంలా ఉండదు. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందని మా పదకొండు మందిలో ఇప్పుడు ఎవరూ అడగరు. చేత్తో మార్చారు కాబట్టి.

మాటల లెక్కల్లో ఇంకో గొయ్యి ఉంది. 'మిగిలింది ఎంత' అంటే పిల్లలు తీసేస్తారు. 'ఇంకా ఎంత కావాలి' అంటే కూడేస్తారు. ఇంకా అన్న మాటకు చెవిలో పెరగడం అనే అర్థం ఉంది మరి. సంపులో పన్నెండు వేల లీటర్లు పడతాయి, ఐదు వేల ట్యాంకరు ఒకటి వచ్చింది, ఇంకా ఎంత పోయాలి అని అడిగాను. లంబాడి బాబు పదిహేడు వేలు అన్నాడు. వాచ్‌మన్ పిల్లలు గొల్లుమన్నారు. సంపు పొంగి సెల్లారంతా నీళ్లు, మన క్లాసు ఎక్కడ పెట్టుకుంటామని. ఇక్కడ ఎండాకాలం ట్యాంకరు రాకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అప్పటి నుంచి ఏ లెక్కకైనా గీత కింద జవాబు వేసేముందు ఒక మాట అనమంటాను. ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా? 305 ఉండగా కొంత ఇచ్చేస్తే 322 ఎలా మిగులుతుంది అన్న అనుమానం అక్కడే పుట్టాలి.

ఆ బాబు సంగతి చెప్పాలి. వాళ్ల నాన్న మేస్త్రి దగ్గర కూలి. సైటు మారితే బడి మారుతుంది. రెండేళ్లలో మూడు బళ్లు మారాడు. గురుకులం ఐదో తరగతిలో సీటు వస్తే పదో తరగతి దాకా కదలక్కర్లేదని వాళ్ల యాడికి ఒక్కటే ఆశ. ఆ ప్రవేశ పరీక్షలో జవాబు రాయడం ఉండదు, నాలుగింట్లో ఒకటి గుర్తించి గడి నింపడం. మాదిరి పేపర్లలో చూశాను. 52 లోంచి 27 అని అడిగి కింద 25తో పాటు 35 కూడా పెడతారు. తిప్పి తీసిన పిల్లవాడికి తన జవాబు అచ్చులో కనపడుతుంది, ఇంక అనుమానం ఎందుకు వస్తుంది? కాబట్టి ముందు గళ్లలో పేర్చి, చేసి, ఆ తర్వాతే కింద ఉన్న నాలుగూ చూడమన్నాను. జవాబుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చేయడం అలవాటు చేసుకున్నాడు. పరీక్ష రాశాడు. ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా వాళ్ల సైటు పని అయిపోయి కొల్లూరు వైపు వెళ్లారు. గళ్ల పుస్తకం, ఈనె పుల్లల కట్టలు తీసుకెళ్లాడు.

పాపది వేరే సంగతి. పోయిన సంవత్సరం వాళ్ల అమ్మ మా గది దగ్గరికి వచ్చింది. 'దీనికి నెక్కలు రావట చెల్లీ. బళ్లో సార్ అన్నారు. మూడో ఫ్లోరు మేడమ్ గారు పిల్లాడిని ఆడించడానికి పంపమంటన్నారు. పంపీమంటావా?' పాపకు అప్పటికి ఎనిమిదేళ్లు. నేను ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. నాలుగు నెలలు ఆగు వదినా, అప్పుడు చూద్దాం అన్నాను. నాలుగు నెలల్లో పాప కట్ట విప్పడం నేర్చుకుంది. మూడో ఫ్లోరుకు ఇప్పటికీ పాలు వేయడానికే వెళ్తోంది.

ఇప్పుడు వాళ్ల గదిలో గోడ క్యాలెండరు మీద ప్రతి నెలా ఒక లెక్క ఉంటుంది. పాపే పేరుస్తుంది. పైన జీతం, 9000. కింద పండక్కి తీసుకున్న అడ్వాన్సులో ఈ నెల కోత, 1500. గీత. గీత కింద 7500. వాళ్ల అమ్మకు అంకెలు చదవడం రాదు, కానీ గీత కింద ఉన్నది తన చేతికి రావాల్సిందని తెలుసు. పోయిన నెల డబ్బు ఇచ్చినప్పుడు నోట్లు లెక్కపెట్టించుకుని, క్యాలెండరు దగ్గరికి తీసుకెళ్లి, 'ఇదేనా?' అని పాపను అడిగింది. పాప గీత మీద వేలు పెట్టి, అడ్వాన్సులో ఇంకా ఎంత మిగిలిందో కూడా పక్కన పేర్చి చూపించింది. ఆ రెండో లెక్క ఎవరూ అడగలేదు.